ఇంజనీరింగ్ చదువుల్లో అందరికీ చోటు: ప్రవేశం నుంచి పట్టా దాకా

ఒక విశ్వవిద్యాలయంలోని సైన్స్, ఇంజనీరింగ్ విభాగాల్లో ఎవరు చేరుతున్నారు, చేరినవారిలో ఎందరు పట్టాతో బయటికి వస్తున్నారు, వాళ్లకు పాఠం చెప్పేది ఎవరు? ఈ మూడు ప్రశ్నల చుట్టూ ఏర్పడిన విధానాలన్నిటినీ నేడు వైవిధ్యం, సమ్మిళితత్వం అనే జంట పేరుతో పిలుస్తున్నారు. కులం, లింగం, ప్రాంతం, భాష, వైకల్యం, కుటుంబ ఆదాయం ఇవన్నీ వీటి పరిధిలోకి వస్తాయి. వైవిధ్యాన్ని కొలవడం తేలిక, ప్రవేశాల పట్టిక చూస్తే చాలు. చేరినవాళ్లు తరగతిలో, ల్యాబులో, హాస్టల్లో నిలదొక్కుకుంటున్నారా అన్నది మాత్రం ఆ పట్టికలో దొరకదు. మన దేశంలో చర్చ చాలావరకు సీట్ల పంపకం దగ్గరే ఆగిపోయింది. అయితే ఇంజనీరింగ్ విద్యలో కొందరు వెనకబడిపోవడానికి అసలు కారణం సీట్ల లెక్కకన్నా లోతైనది. ముందే నేర్చుకుని రావడాన్ని చూసి అదే నేర్చుకోగల శక్తి అని ఈ సంస్థలు పొరబడుతూ వచ్చాయి. ఇంట్లో కంప్యూటరు, నాలుగేళ్ల కోచింగ్, ఇంగ్లిష్ మీడియం ఇచ్చిన ఆధిక్యం ప్రతిభగా చలామణీ అయింది. ఆ పొరపాటును ప్రవేశంలోనూ బోధనలోనూ కలిపి దిద్దుకున్న చోట ఫలితం గట్టిగా నిలిచింది. ఒక్క ప్రవేశంలోనే దిద్దుకున్న చోట ఫలితం సగంలో ఆగింది. దేశదేశాల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇదే.

చరిత్రలో కాస్త వెనక్కి వెళ్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. పద్దెనిమిదేళ్ల వయసులో భర్త పోయి, చంటిబిడ్డతో మిగిలిన ఆమె గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ విభాగంలో చేరారు. అప్పటిదాకా ఆడపిల్ల అడుగు పెట్టని కళాశాల అది. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు అక్కడే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు, ప్రిన్సిపాల్‌తో మాట్లాడి దారి చేశారు. ఆమె తర్వాత కలకత్తాలో విద్యుత్ ప్రసార లైన్ల డిజైన్‌లో పనిచేసి, 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సమావేశంలో పాల్గొన్నారు. అంతకుముందు 1933లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చేరబోయిన కమలా భాగవత్‌కు (తర్వాతి కాలపు కమలా సోహోనీ) ఆడపిల్ల అన్న కారణంతో సి.వి. రామన్ ప్రవేశం నిరాకరించారు. ఆమె పట్టు వదలకపోవడంతో షరతులు పెట్టి చేర్చుకున్నారు. ఆమె పనితనం చూశాక ఆ సంస్థ మిగతా ఆడవాళ్లకూ తలుపు తీసింది. ఇద్దరి ధైర్యాన్నీ తక్కువ చేయకుండానే ఒక మాట గమనించాలి. ఆ సంస్థలు వాళ్ల ఇళ్లకు ముందే పరిచయం. ఒకరి తండ్రి అక్కడి ప్రొఫెసరు, మరొకరి తండ్రి, ఆయన సోదరుడు అక్కడ చదివినవారు. లోపల ఏం జరుగుతుందో, ఎవరిని అడగాలో తెలిసిన ఇంటి నుంచి వచ్చిన మనిషికి మూసిన తలుపు దగ్గర కూడా కొంత బలం ఉంటుంది. అలాంటి ఇల్లు లేనివాళ్ల కోసమే నియమాలు కావలసి వచ్చాయి.

ఆ నియమాలు పుట్టిందే ఇంజనీరింగ్, వైద్య సీట్ల తగాదాలోంచి. మద్రాసు ప్రెసిడెన్సీలో సీట్లను కులమతాలవారీగా పంచుతూ 1920ల నుంచి ఉన్న కమ్యూనల్ జీఓను 1951లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చంపకం దొరైరాజన్ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పులో రెండో పిటిషనరు సి.ఆర్. శ్రీనివాసన్ కోరింది ఇంజనీరింగ్ సీటు. దానికి జవాబుగా అదే ఏడాది తొలి రాజ్యాంగ సవరణతో, వెనకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లను అనుమతించే 15(4) అధికరణం వచ్చింది. మైసూరు రాష్ట్రం వృత్తివిద్యా కళాశాలల్లో పెట్టిన 68 శాతం రిజర్వేషన్‌పై 1962లో వచ్చిన బాలాజీ తీర్పు 50 శాతం అనే గీత గీసింది. రాష్ట్రాల్లో ఇంత జరుగుతున్నా, 1951లో ఖరగ్‌పూర్‌లో మొదలైన ఐఐటీలు చాలాకాలం దీనికి దూరంగానే ఉన్నాయి. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు అక్కడ 1973లో గాని రాలేదు. ఓబీసీలకు 27 శాతం 2006 చట్టంతో వచ్చి, 2008లో సుప్రీంకోర్టు సమ్మతించాక అమలైంది. ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం 2019 నాటి 103వ సవరణతో, వికలాంగులకు 5 శాతం 2016 చట్టంతో వచ్చాయి. ఐఐటీ మద్రాసును దగ్గరగా పరిశీలించిన మానవశాస్త్రవేత్త అజంతా సుబ్రమణియన్ 2019లో వెలువరించిన గ్రంథంలో, ఈ సంస్థల్లో ప్రతిభ అన్న మాట కులాన్ని చెప్పకుండా చెప్పే మార్గంగా ఎలా మారిందో చూపారు. ఆ వాదనను పూర్తిగా ఒప్పుకోనివాళ్లు కూడా ఒకటి కాదనలేరు. రిజర్వేషన్ సీటులో వచ్చిన విద్యార్థికి ర్యాంకే ఇంటిపేరవుతుంది. హాస్టల్లో అడుగుపెట్టిన మొదటి రోజే ఎదురయ్యే ప్రశ్న, నీ ర్యాంకెంత?

ఐఐటీల విధానాల్లో ఇటీవల బాగా పనిచేసింది ఆడపిల్లల కోసం 2018లో పెట్టిన అదనపు సీట్లు. 2016 నాటికి బీటెక్‌లో చేరేవారిలో ఆడపిల్లలు సుమారు 8 శాతం. ఐఐటీ మండి డైరెక్టరు తిమోతీ గొన్సాల్వెజ్ అధ్యక్షతన కమిటీ సిఫారసు మేరకు, అప్పటికి ఉన్న సీట్లను తగ్గించకుండా, వాటికి పైన సీట్లు చేర్చి 2018లో 14 శాతం, 2019లో 17, 2020లో 20 శాతం లక్ష్యంగా పెట్టుకున్నారు. లక్ష్యం దాదాపుగా నెరవేరింది. ఎవరి సీటూ తగ్గలేదు కాబట్టి గొడవా పెద్దగా లేదు. కానీ అదే 20 శాతం దగ్గర అంకె నిలిచిపోయింది. పైకి కదలకపోవడానికి కారణాలు ప్రవేశ పరీక్షకు చాలా ముందే ఉన్నాయి. పదో తరగతి కాగానే కొడుకును కోచింగ్ కోసం పక్క నగరానికి పంపే కుటుంబం కూతురి విషయంలో దూరం గురించీ, ఖర్చు గురించీ వేరే లెక్క వేస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వృత్తివిద్యలో అన్ని వర్గాల లోపలా మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయించే పద్ధతి అంతకు చాలా ముందు నుంచే ఉంది. కళాశాల జిల్లాలోనే ఉండటం, ప్రవేశ పరీక్ష ఇంటర్ సిలబస్‌కు దగ్గరగా ఉండటం వల్ల అక్కడ ఆ సీట్లు నిండాయి. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల తరగతి గదికీ ఐఐటీ తరగతి గదికీ మధ్య కొట్టొచ్చినట్టు కనిపించే తేడాల్లో ఆడపిల్లల సంఖ్య ఒకటి. సామర్థ్యంలో తేడా అయితే రెండు చోట్లా ఒకేలా కనిపించాలి కదా.

ప్రవేశం దాటాక ఏమవుతుంది? 2019లో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం రెండేళ్లలో ఐఐటీల నుంచి 2,461 మంది మధ్యలో మానేశారు. వాళ్లలో రిజర్వుడు వర్గాలవారు సగానికి కాస్త తక్కువ. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. మానేసినవారిలో ఎక్కువమంది పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు, వాళ్లలో ఉద్యోగం దొరికి వెళ్లినవారూ ఉంటారు. అయితే 2021లో ఇచ్చిన మరో సమాధానం ప్రకారం ఏడు అగ్రశ్రేణి ఐఐటీల బీటెక్ స్థాయిలో అయిదేళ్లలో మానేసినవారిలో సుమారు 63 శాతం రిజర్వుడు వర్గాలవారే. బీటెక్ మధ్యలో ఉద్యోగం కోసం మానేవారు అరుదు. 2015లో ఐఐటీ రూర్కీ మొదటి ఏడాది ముగిసేసరికి సీజీపీఏ 5 దాటలేదన్న కారణంతో 70 మందికి పైగా విద్యార్థులను తొలగించింది. వారిలో అత్యధికులు రిజర్వుడు వర్గాలవారు. హైకోర్టులో ఊరట దొరకలేదు, చివరికి సంస్థే మనసు మార్చుకుని మరో అవకాశం ఇచ్చింది. దేశం మొత్తంలో వడపోసి తెచ్చుకున్న విద్యార్థుల్లో డెబ్భై మందికి ఒకే ఏడాది చదువు రాలేదంటే ప్రశ్న ఎవరిని అడగాలి? ఐఐటీల్లో దీనికి పాత ఏర్పాటు ఒకటుంది. కటాఫ్ కన్నా తక్కువ వచ్చిన ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు ఏడాదిపాటు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ చెప్పి, జేఈఈ మళ్లీ రాయించకుండానే బీటెక్‌లోకి తీసుకునే ప్రిపరేటరీ కోర్సు. ఆలోచన మంచిదే, సీట్లు నిండనప్పుడు మాత్రమే తెరుచుకునే కిటికీ అది. కటాఫ్ దాటి నేరుగా చేరిన విద్యార్థికి అలాంటి తోడ్పాటు దొరకదు. పైగా వెలివేత మార్కులకే పరిమితం కాదు. 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ ఎయిమ్స్‌లో కులవివక్ష మీద నివేదిక ఇచ్చింది. యూజీసీ 2012లో సమానత్వ నిబంధనలు తెచ్చింది. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత ఆ నిబంధనలు కాగితం మీదే ఉన్నాయన్న సంగతి దేశమంతటికీ తెలిసింది. విద్యార్థుల ఆత్మహత్యలపై సుప్రీంకోర్టు 2025 మార్చిలో జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని నియమించాల్సి వచ్చింది.

ప్రవేశాన్నీ బోధననూ కలిపి మార్చిన ఉదాహరణల్లో అందరికన్నా వివరంగా నమోదైనది అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్స్ స్కూల్. 1995లో అక్కడ కొత్తగా చేరిన విద్యార్థుల్లో ఆడవాళ్లు 7 శాతం. 2000 నాటికి 42 శాతం. మార్పు మొదలైన కాలంలో, 1991 నుంచి 1999 దాకా, ఆ స్కూల్‌కు డీన్ చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. అసోసియేట్ డీన్ అలన్ ఫిషర్, సామాజిక శాస్త్రవేత్త జేన్ మార్గోలిస్ కలిసి నాలుగేళ్లపాటు వందమందికి పైగా విద్యార్థులను పదేపదే కూర్చోబెట్టి మాట్లాడించారు. వాళ్లకు తెలిసిన సంగతి ఇది. మగపిల్లల్లో చాలామంది చిన్నప్పటి నుంచి కంప్యూటరు విప్పి, బిగించి, ప్రోగ్రాములు రాసి వచ్చినవారు. ఆడపిల్లల ఇంట్లో కంప్యూటరు ఉన్నా అది అన్న గదిలోనో తమ్ముడి గదిలోనో ఉండేది. మొదటి సెమిస్టరులో పాఠం ఈ అనుభవం ఉన్నవాళ్ల వేగానికి సాగేది. ఆడపిల్లలు తమకు తెలియనిదాన్ని తమకు రానిదిగా అర్థం చేసుకుని వేరే విభాగాలకు మారిపోయేవారు. మగవాళ్లకన్నా రెండింతలు ఎక్కువగా మారేవారు. మొదటి ఏడాది దాటి నిలిచినవాళ్లను చూస్తే, ప్రోగ్రామింగ్ ముందే తెలిసి ఉండటానికీ చివరి ఫలితానికీ సంబంధం కనిపించలేదు. ఈ మాట తేలాక స్కూల్ రెండు పనులు చేసింది. ప్రవేశాల్లో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే విలువ తగ్గించి, లెక్కలు, సైన్స్‌లో బలానికి ఇచ్చే విలువ అలాగే ఉంచి, నాయకత్వం, విస్తృత ఆసక్తులు చూడమన్నారు. మొదటి ఏడాది కోర్సులోకి విద్యార్థి అనుభవాన్ని బట్టి వేర్వేరు మెట్ల నుంచి ఎక్కే వీలు కల్పించి, అందరూ ఒకే చోటికి చేరేలా చేశారు. వీటికి తోడు, దేశవ్యాప్తంగా హైస్కూలు కంప్యూటర్ టీచర్లకు వేసవి శిక్షణ పెట్టి, అందులో తమ తరగతుల్లోని ఆడపిల్లలను ఎలా ఆకర్షించాలో చర్చించారు. 1999లో వచ్చిన గణిత శాస్త్రవేత్త లెనోర్ బ్లమ్ ఆడవాళ్లు ఒకరికొకరు తోడుగా ఉండే సంఘాన్ని నిలబెట్టారు. ఆడవాళ్ల కోసమని సిలబస్‌ను తేలిక చేయలేదు. తరగతిలో రకరకాల మనుషులు చేరాక, అంతకుముందు ఆడా మగా తేడాలుగా కనిపించినవి చాలావరకు అనుభవంలో తేడాలేనని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. 2016లో అక్కడ కొత్తగా చేరిన కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో ఆడవాళ్లు 48 శాతం.

ఇది ఒక్క సంపన్న సంస్థ అదృష్టమనుకోవడానికి లేదు. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కళాశాలలో 2006 తర్వాత మరియా క్లావే అధ్యక్షురాలిగా ఉండగా, మొదటి ప్రోగ్రామింగ్ కోర్సును అనుభవం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ విడదీశారు, భాషను జావా నుంచి పైథాన్‌కు మార్చారు, మొదటి ఏడాదిలోనే ఆడపిల్లలను మహిళా కంప్యూటర్ శాస్త్రవేత్తల సమావేశానికి తీసుకెళ్లారు. కంప్యూటర్ సైన్స్ తీసుకునేవారిలో ఆడవాళ్లు 10 శాతం దరిదాపుల నుంచి కొద్ది ఏళ్లలోనే 40 శాతానికి చేరారు. ఇంకా ముందే, 1970ల చివర కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరి ట్రీస్‌మన్ కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారో తెలుసుకోబోయారు. చదువు మీద శ్రద్ధ లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు అన్న అధ్యాపకుల అంచనాలేవీ నిలబడలేదు. వాళ్లు గంటల తరబడి చదువుతున్నారు, కాని ఒంటరిగా. చైనా మూలాలున్న విద్యార్థులు గుంపుగా కూర్చుని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన పెట్టిన వర్క్‌షాపుల్లో వెనకబడినవాళ్లకు చెప్పే తేలిక పాఠాలు ఉండేవి కావు. సాధారణ తరగతి కన్నా కఠినమైన లెక్కలిచ్చి గుంపుగా చేయించేవారు. ఫలితాలు తారుమారయ్యాయి. 2014లో సైన్స్, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల మీద 225 అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలనలో, కేవలం ఉపన్యాసం విన్న తరగతుల్లో తప్పినవారు సుమారు 34 శాతం ఉండగా, విద్యార్థులు చేతులతో, చర్చలతో పాల్గొన్న తరగతుల్లో 22 శాతమే. 2020లో వచ్చిన మరో విశ్లేషణ, ఈ పద్ధతి వల్ల వెనకబడ్డ వర్గాల విద్యార్థులకూ మిగతావాళ్లకూ మధ్య పరీక్ష మార్కుల్లో అంతరం మూడో వంతు, పాసయ్యే రేటులో అంతరం 45 శాతం తగ్గినట్టు చూపింది. రెండొందల మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పడం మన ఇంజనీరింగ్ కళాశాలల్లో ఇప్పటికీ మామూలే. దానిని ఖర్చు తక్కువ పద్ధతి అంటారు. తప్పినవాళ్ల బ్యాక్‌లాగులను ఆ ఖర్చులో కలిపితే లెక్క మారుతుంది.

తెలుగు నేల మీద ఈ వాదనకు దగ్గరగా వచ్చిన ప్రయోగం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం నోట ట్రిపుల్ ఐటీ. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ఈ సంస్థకు తొలి ఛాన్సలర్ కూడా రాజ్ రెడ్డే. పిట్స్‌బర్గ్ అనుభవానికీ దీనికీ పోలిక యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి గ్రేడు మీద సీటు ఇచ్చేవారు, ప్రభుత్వ పాఠశాలలో చదివితే దానికి 0.4 పాయింట్లు కలిపేవారు. పదో తరగతి కాగానే తీసుకుని ఆరేళ్లు చదివించడం వల్ల రెండేళ్ల ఇంటర్ కోచింగ్ అనే అసలు వడపోతను పక్కకు నెట్టగలిగారు. పల్లెటూరి పిల్లల చేతికి మొదటి ఏడాదే ల్యాప్‌టాప్ వచ్చింది. ఇంగ్లిష్ అలవాటు కావడానికి, ఇల్లు విడిచి ఉండటం అలవాటు కావడానికి రెండేళ్ల వ్యవధి దొరికింది. కూలి కుటుంబాల నుంచి వచ్చిన ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో తయారయ్యారంటే దాని వెనక ఈ డిజైన్ ఉంది. కాని ఇక్కడ తప్పు జరిగింది రెండో సగంలో. తొలి ఊపు తగ్గాక పూర్తికాలపు అధ్యాపకుల నియామకం వెనకబడింది, కాంట్రాక్టు బోధకుల మీద బండి నడిచింది. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వానలో కూర్చుని చేసిన ఆందోళనలో ప్రధాన కోరికలు శాశ్వత వైస్ ఛాన్సలర్, తగినంతమంది అధ్యాపకులు, కనీస వసతులు. ప్రవేశ విధానం ఎంత న్యాయంగా ఉన్నా, తర్వాతి ఆరేళ్లకు డబ్బూ మనుషులూ లేకపోతే ఆ న్యాయం పలచబడుతుంది. భాష విషయంలోనూ ఇదే వరస. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగుతో సహా 13 భాషల్లో ఉంది, అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. అదే ఏడాది ఏఐసీటీఈ ప్రాంతీయ భాషల్లో బీటెక్‌కు అనుమతిస్తే ఆంధ్రప్రదేశ్‌లో ఒక కళాశాల తెలుగులో సీట్లు తెరిచింది. మొత్తం డిగ్రీ తెలుగులో కావాలా అన్నది పెద్ద ప్రశ్న, ఉద్యోగాల బజారు దానిని ఎటు తేలుస్తుందో అందరికీ తెలుసు. మొదటి రెండు సెమిస్టర్లలో పాఠాన్ని రెండు భాషల్లో వివరించడానికి ఆ ప్రశ్న తేలేదాకా ఆగనక్కర్లేదు.

ఈ విధానాల మీద అభ్యంతరాలున్నాయి, అందులో కొన్ని గట్టివి. తక్కువ మార్కులతో వచ్చినవాళ్లు కఠినమైన సంస్థలో నలిగిపోతారు, కాస్త కింది స్థాయి కళాశాలలో అయితే సైన్స్ పట్టా పొందేవారు అన్నది వాటిలో మొదటిది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సమాచారంతో పీటర్ ఆర్సిడియాకోనో తదితరులు 2016లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ మాటే అంది, దానిని పక్కన పెట్టేయలేం. కాని ఆ రాష్ట్రంలో జాతి ప్రాతిపదికన ప్రవేశాలను 1996 నాటి ప్రపోజిషన్ 209 నిషేధించాక ఏమైందో జాకరీ బ్లీమర్ పరిశీలించారు. నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థులు కింది స్థాయి కళాశాలలకు జారారు, సైన్స్ పట్టాలు పెరగకపోగా తగ్గాయి, ఆదాయాలూ తగ్గాయి. అంటే కింది మెట్టుకు పంపడం మందుగా పనిచేయలేదు. భారతదేశంలో ఒక రాష్ట్రపు ఇంజనీరింగ్ ప్రవేశాల మీద మరియాన్ బెర్ట్రాండ్, రెమా హానా, సెంథిల్ ముల్లైనాథన్ 2010లో ప్రచురించిన అధ్యయనం కూడా రిజర్వేషన్‌తో చేరినవాళ్లకు ఆదాయంలో గణనీయమైన లాభం కలిగిందని తేల్చింది. అయితే అదే అధ్యయనంలో మరో సంగతి ఉంది. కుల రిజర్వేషన్ల వల్ల మొత్తం మీద ఆడవాళ్ల సంఖ్య కొంత తగ్గింది. ఒక అంతరాన్ని పూడ్చబోతే మరొకటి పెరగవచ్చు, అందుకే కోటాల లోపల కోటా అన్న ఆలోచన అనవసరపు చిక్కుముడి కాదు. ఎస్సీల వర్గీకరణను 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో కాదన్న సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ తీర్పుతో ఒప్పుకోవడం, 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ దానిని అమలులోకి తేవడం కూడా ఈ తర్కంతోనే.

ప్రమాణాలు పడిపోతాయన్న అభ్యంతరం పాతది, జనంలో బలమైనది. దీనిలోని నిజమైన ఆందోళనను ఒప్పుకోవాలి. వంతెన కట్టే మనిషికి స్ట్రక్చర్స్ రావాలి, ఎలా వచ్చాడన్నది వంతెనకు అనవసరం. అందుకే ప్రమాణం కొలవాల్సింది బయటికి వెళ్లే గుమ్మం దగ్గర. పట్టా ఇచ్చే చోట ఎవరికీ సడలింపు లేదు, ఉండాలని ఎవరూ అడగడం లేదు. ప్రవేశ ర్యాంకును మాత్రం పవిత్రంగా చూస్తూ, అదే సంస్థలో నాలుగేళ్ల బోధన విలువను మనం తక్కువ అంచనా వేస్తున్నాం. కోచింగ్‌లో రాటుదేలిన విద్యార్థికి ఇచ్చే శిక్షణే అందరికీ చాలుతుందంటే ఆ బోధన చేస్తున్న పని చాలా కొద్ది. లోపం బడుల్లో ఉంది, దానిని విశ్వవిద్యాలయం ఎలా దిద్దుతుందని మరికొందరంటారు. బడుల లోపం నిజం. పన్నెండేళ్ల లోటు ఒక సెమిస్టరులో తీరదు. కాని మొదటి ఏడాది కాల్‌క్యులస్‌లో తేలే లోటు అంతకన్నా చిన్నది, ట్రీస్‌మన్ చూపినట్టు చాలావరకు పని పద్ధతికి సంబంధించినది. వేరే తరగతి పెడితే ముద్ర పడుతుందన్న భయమూ సబబే. ఆ ముద్ర కులం పేరుతో, కటాఫ్ పేరుతో విడదీసినప్పుడు పడుతుంది. హార్వీ మడ్‌లో విడదీసింది అనుభవాన్ని బట్టి, అందరినీ. ముందే ప్రోగ్రాములు రాసినవాళ్లు వేరే గదిలోకి వెళ్లడం వల్ల మిగిలిన గదిలో ప్రశ్న అడగడానికి జంకు తగ్గింది. ఈ తరహా చర్యలకు మరో సౌలభ్యం ఉంది. అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో జాతి ప్రాతిపదిక ప్రవేశాలను కొట్టేసింది, 2025 జనవరి నుంచి ఫెడరల్ ప్రభుత్వం వైవిధ్య కార్యక్రమాలనే మూసేయడం మొదలుపెట్టింది. మొదటి ఏడాది కోర్సును బాగా డిజైన్ చేయడాన్ని మాత్రం ఏ కోర్టూ తప్పుపట్టలేదు.

వైకల్యం విషయంలో పొరపాటు ఇంకా నగ్నంగా కనిపిస్తుంది. కృష్ణా జిల్లా సీతారామపురంలో పుట్టుకతో చూపు లేకుండా పెరిగిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత సైన్స్ తీసుకుంటానంటే బోర్డు కుదరదంది, బొమ్మలూ గ్రాఫులూ ఎలా చూస్తావని. కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకుని 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. ఐఐటీ కోచింగ్ సంస్థలు చేర్చుకోలేదు. అమెరికాలోని ఎంఐటీ చేర్చుకుంది. తర్వాత 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. గ్రాఫును చేతితో తడిమి తెలుసుకునేలా ఉబ్బెత్తుగా అచ్చు వేయడం పాత సాంకేతికతే. మన ల్యాబుల్లో అది ఎందుకు లేదన్న ప్రశ్నకు ఎవరూ అడగలేదు అన్నదే తరచూ వచ్చే సమాధానం. చేర్చుకోకపోతే అడిగే మనిషే ఉండడు. వైకల్య కోటా 5 శాతానికి చేరినా, ర్యాంపులు కట్టినంత శ్రద్ధగా ల్యాబు బల్లల ఎత్తు, పరీక్ష సమయం, స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించిన విభాగాలు తక్కువ.

చివరిది, అన్నిటికన్నా నెమ్మదిగా కదిలేది, బోధించేవారి సంగతి. 1994లో ఎంఐటీ సైన్స్ స్కూల్‌లోని ఆరు విభాగాల్లో శాశ్వత పదవిలో ఉన్న ఆడవాళ్లు 15 మంది, మగవాళ్లు దాదాపు 200. జీవశాస్త్రవేత్త నాన్సీ హాప్‌కిన్స్ టేపు పట్టుకుని ల్యాబులు కొలిచి, తనకిచ్చిన స్థలం తక్కువని నిరూపించాల్సి వచ్చింది. ఆ కొలతలతో మొదలైన విచారణ 1999లో నివేదికగా వెలువడితే, సంస్థ అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ లోపాన్ని బహిరంగంగా ఒప్పుకున్నారు. 2012లో అమెరికాలో 127 మంది సైన్స్ అధ్యాపకులకు ఒకే దరఖాస్తును సగంమందికి మగ పేరుతో, సగంమందికి ఆడ పేరుతో పంపితే, మగ పేరున్న దరఖాస్తుకు ఎక్కువ జీతం, ఎక్కువ సమర్థత ముద్ర దక్కాయి. అంచనా వేసినవారిలో ఆడ అధ్యాపకులూ అలాగే తూచారు. బ్రిటన్ 2005లో మొదలుపెట్టిన అథీనా స్వాన్ పద్ధతిలో విశ్వవిద్యాలయాలు తమ లెక్కలు తామే బయటపెట్టి గుర్తింపు పొందాలి. భారత శాస్త్ర సాంకేతిక శాఖ 2020లో గతి పేరుతో 30 సంస్థల్లో అలాంటిదే ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. ఇవి ప్రధానంగా ఆడవాళ్ల గురించినవి. కులం గురించి లెక్కలు పార్లమెంటు ప్రశ్నలకు జవాబులుగానే బయటికొస్తున్నాయి. 2019 ప్రాంతంలో 23 ఐఐటీల్లో ఉన్న 6,043 మంది అధ్యాపకుల్లో ఎస్సీలు 149 మంది, ఎస్టీలు 21 మంది. ఆ ఏడాదే అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్‌కు కేంద్రం చట్టం చేసింది, ఐఐటీలు దానినుంచి మినహాయింపు కోరుతూ వచ్చాయి. అర్హులైన పీహెచ్‌డీ పట్టభద్రులు దొరకడం లేదన్నది అవి చెప్పే ప్రధాన కారణం. 2015 నుంచి 2019 దాకా ఐఐటీల పీహెచ్‌డీ ప్రవేశాల్లో ఎస్సీలు 9 శాతం, ఎస్టీలు 2 శాతం దరిదాపుల్లో ఉన్నారు. ఆ సీట్లకు ఇంటర్వ్యూలు చేసింది, ఎవరిని తీసుకోవాలో తేల్చింది ఆ విభాగాలే.